పీఎస్‌ఏ తగ్గింది, జబ్బు పెరిగింది: ఇప్పుడు ఏ టెస్టు ముందు?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా నాయినకు 66 ఏళ్ళు. పోయినేడు ఒంటేలు ఆగిపోతే నల్లగొండలో పైపు వేశారు. తర్వాత హైదరాబాద్‌లో లోపలి నుంచి ప్రోస్టేట్ చెక్కే ఆపరేషన్ చేశారు. క్యాన్సర్, తీవ్రత చెప్పే గ్లీసన్ స్కోరు 4+4 అన్నారు. మూణ్ణెల్లకో హార్మోన్ సూది, రోజూ గోళీలు. రక్తంలో పీఎస్‌ఏ 38 నుంచి 0.6కి దిగింది. అందరం సంతోషపడ్డాం. ఇప్పుడు మనిషి చిక్కిపోయాడు. స్కాన్‌లో కాలేయంలో మచ్చలు, ఎముకల స్కాన్‌లో వెన్నెముక పొడుగునా మెరుపు కనిపించాయన్నారు. కాలేయం నుంచి ముక్క తీస్తే ‘స్మాల్ సెల్ న్యూరోఎండోక్రైన్ కార్సినోమా’ అని వచ్చింది. జీన్ టెస్టు చేయించమన్నారు. కీమో ఎందుకు, టార్గెటెడ్ గోళీలు ఉన్నాయి కదా అని మా బావ అంటున్నాడు. బర్రెలు అమ్మైనా చేయిస్తాం. ఏది చేయించాలి? నాకూ మా అక్కకూ టెస్టులు అవసరమా?

తమ్ముడూ,

తొందరపడాల్సిన మాట ముందు చెప్పేస్తాను, మిగతాది నిదానంగా చదువుకోండి. జీన్ టెస్టు రిపోర్టు కోసం కీమో ఆపొద్దు. ఆ రిపోర్టు రావడానికి మామూలుగా మూడు నాలుగు వారాలు పడుతుంది. స్మాల్ సెల్, అంటే వేగంగా పెరిగే చిన్న కణాల క్యాన్సర్, అన్ని రోజులు ఆగే రకం కాదు. టెస్టు చేసేది ఇప్పటికే తీసి పెట్టిన ముక్క మీద కాబట్టి, కీమో ఒక పక్క నడుస్తుంటే అది ఇంకో పక్క నడుస్తుంది. రెండో విడత కీమో నాటికి రిపోర్టు చేతికొస్తుంది. బర్రెలను మాత్రం ఇప్పుడే సంతకు తోలకండి. దానికంటే ముందు తక్కువ ఖర్చుతో తేలే సంగతులు రెండు మూడు ఉన్నాయి.

నేను పాథాలజిస్టుని, అంటే రోగి మొహం చూడకుండా ఆయన ముక్క మాత్రం చూసే డాక్టర్ని. మైక్రోస్కోప్ ముందు 26 ఏళ్ళు గడిచాయి. మాది మర్రిగూడ వైపు, మీకు పక్క మండలమే. ఏ మందు, ఎంత మోతాదు అన్నది మీ నాయినను చూస్తున్న ఆంకాలజిస్టు (క్యాన్సర్ డాక్టర్) చెప్పాల్సిందే. రిపోర్టులోని మాటలకు అర్థమేంటి, ఆయన్ను ఏం అడగాలి అన్నంతవరకు నేను చెప్పగలను.

పీఎస్‌ఏ 0.6 ఉండి కూడా జబ్బు కాలేయం దాకా ఎలా పోయిందన్నదే మీ మొదటి అనుమానం అనుకుంటున్నా. పీఎస్‌ఏ అనేది క్యాన్సర్‌ను కొలిచే తక్కెడ కాదు. ప్రోస్టేట్ కణం మగ హార్మోన్ ఆజ్ఞ విని తయారుచేసే ఒక ప్రోటీన్, అంతే. ఆ ఆజ్ఞను ఆపేస్తే జబ్బు లొంగుతుందని 1941లో అమెరికాలో చార్లెస్ హగిన్స్ చూపించాడు, 1966లో ఆయనకు నోబెల్ వచ్చింది. మీ నాయిన వేయించుకుంటున్న సూది పనిచేసేది ఇప్పటికీ ఆ సూత్రం మీదే. అయితే కొన్ని కణాలు బతకడానికి హార్మోన్ దారినే వదిలేస్తాయి. ఆజ్ఞే వినని కణం పీఎస్‌ఏ ఎందుకు చేస్తుంది? ఇంటి మీటరు తిరగట్లేదు కాబట్టి కరెంటు వాడట్లేదు అనుకుంటాం, ఆ ఇంటాయనేమో స్తంభం నుంచి కొండీ తగిలించి మోటరు నడుపుతుంటాడు. మీ ఇంట్లో అందరూ మీటరు వైపు చూశారు. తప్పు మీది కాదు, చాలాసార్లు మేమూ అదే చూస్తాం.

ఇది వినడానికి వింతగా ఉన్నా మరీ అరుదేమీ కాదు. ప్రోస్టేట్ క్యాన్సర్ మొదట్లోనే స్మాల్ సెల్‌గా బయటపడటం నూటికి ఒకటో రెండో. కానీ హార్మోన్ మందులకు లొంగని దశకు చేరిన రోగుల దగ్గర మళ్ళీ ముక్క తీసి చూసిన ఒక అమెరికన్ అధ్యయనంలో, 2018లో అచ్చయింది, సుమారు 17 శాతం మందిలో ఈ మార్పు కనబడింది. పీఎస్‌ఏ తక్కువగా ఉండి కాలేయంలో మచ్చలు రావడం, మనిషి వేగంగా చిక్కిపోవడం, గడ్డ సైజుకూ పీఎస్‌ఏకూ పొంతన లేకపోవడం: ఇవి కనిపిస్తే మళ్ళీ బయాప్సీ చేయాలి. మీ డాక్టర్ చేయించాడు. అది మంచి డాక్టర్ చేసే పని, అక్కడే ఉండండి.

ఆ ముక్కలో ఏం కనబడుతుందో చెప్తాను. సూదితో తీసిన ముక్క సేమ్యా పోగంత ఉంటుంది. మామూలు ప్రోస్టేట్ క్యాన్సర్‌లో కణాలు చిన్న చిన్న ఉంగరాల్లా చుట్టూ చేరి, మధ్యలో ఖాళీ వదిలి గ్రంథులు కడతాయి. చాలావాటిలో ఆ కట్టే అలవాటు కొంతైనా మిగిలి ఉంటుంది. స్మాల్ సెల్‌లో ఆ అలవాటు పూర్తిగా పోతుంది. లారీలో కుక్కిన మేకల్లా కణాలు ఒకదాన్నొకటి ఒత్తుకుని, ఒకదాని వీపుకు ఇంకోటి వంగిపోయి కనిపిస్తాయి. కణమంతా కేంద్రకమే, చుట్టూ వేరే పదార్థం దాదాపు ఉండదు. ఆ కేంద్రకంలో సన్న రవ్వ చల్లినట్టు చుక్కలు. ముక్క తీసేటప్పుడు పడిన కాస్త ఒత్తిడికే నలిగి నీలం సిరా గీతల్లా సాగిపోతాయి. ఇలాంటిదానికి మేం గ్లీసన్ స్కోరు వేయం. అందుకే మీ రెండో రిపోర్టులో ఆ అంకె లేదు, మరిచిపోయి కాదు.

ఇప్పుడు చేయించాల్సిన మొదటి పని: పోయినేడు చెక్కిన ముక్కల బ్లాకులు (ముక్కలను మైనంలో పెట్టి దాచినవి) తెప్పించి, కాలేయం ముక్కతో పక్కపక్కన పెట్టి, ప్రోస్టేట్ ముక్కలు రోజూ చూసే పాథాలజిస్టుతో మళ్ళీ చదివించండి. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖానా, నిమ్స్ లాంటి పెద్ద చోట్ల ఈ రెండో అభిప్రాయం దొరుకుతుంది. ఖర్చు జీన్ టెస్టుతో పోలిస్తే ఎంతో తక్కువ. ఎందుకంటారా? ప్రోస్టేట్‌లో మామూలు రకం నూటికి తొంభైకి పైనే. మిగతా కొద్దిపాటిలో డక్టల్, స్మాల్ సెల్, సార్కోమటాయిడ్, బేసల్ సెల్ అని రకాలున్నాయి. ఏ రకమో తేలితేనే ఏ మార్కర్ (గుర్తు) వెతకాలో తెలుస్తుంది. మొదటి ముక్కల్లో ఓ మూల డక్టల్ రకం కలిసి ఉండొచ్చు. స్మాల్ సెల్ మొదటి రోజే నక్కి ఉండొచ్చు. చెక్కు ముక్కలు గుప్పెడు ఉంటే అన్నీ బ్లాకుల్లో పెట్టరు, కొన్ని డబ్బాలో మిగిలిపోతాయి కూడా. అడిగితే ఉన్నాయో లేదో చెప్తారు.

బేసల్ సెల్ అయితే హార్మోన్ సూదికే పెద్ద పని ఉండదు. సార్కోమటాయిడ్ అయితే అసలు ఇలాంటి ఉత్తరమే వేరేగా రాయాలి. మీది కాదు కాబట్టి వదిలేస్తాను.

కాలేయం ముక్క మీద ఐహెచ్‌సీ అనే రంగుల పరీక్ష చేసి ఉంటారు. సినాప్టోఫైసిన్, క్రోమోగ్రానిన్, సీడీ56, ఐఎన్‌ఎస్‌ఎం1 అనే పేర్లు రిపోర్టులో ఉంటాయి చూడండి. ఇవి న్యూరోఎండోక్రైన్ గుణాన్ని, అంటే నరాల కణాల, హార్మోన్ కణాల పోలికను చూపే మార్కర్లు, ఉన్నచోట గోధుమ రంగు తేలుతుంది. దీంట్లో ఒక మెలిక ఉంది. టీటీఎఫ్1 అనే మార్కర్ పాజిటివ్ రాగానే కొందరు ‘ఊపిరితిత్తుల నుంచి వచ్చింది’ అని రాసేస్తారు. ప్రోస్టేట్ స్మాల్ సెల్‌లోనూ అది పాజిటివ్ రావడం మామూలే. మీ నాయిన బీడీలు తాగే మనిషైతే ఈ గందరగోళం ఇంకా పెరుగుతుంది. దీన్ని తేల్చడానికి ఒక జీన్ గుర్తు సాయపడుతుంది: టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2, ఈఆర్‌జీ అనే రెండు జీన్లు తెగి అతుక్కోవడం. 2005లో మిచిగన్ విశ్వవిద్యాలయం వాళ్ళు కనిపెట్టారు. పాశ్చాత్య దేశాల రోగుల్లో దాదాపు సగం ప్రోస్టేట్ క్యాన్సర్లలో ఇది ఉంటుంది. స్మాల్ సెల్‌గా మారినా ఈ పుట్టుమచ్చ చెరిగిపోదు. కనబడితే పుట్టిల్లు ప్రోస్టేట్ అని ధీమాగా చెప్పొచ్చు. కనబడకపోతే మాత్రం ఏమీ తేలదు.

ఎముకల స్కాన్ సంగతికి వస్తాను, ఎందుకంటే ఇది మన ప్రాంతం వాళ్ళకు మాత్రమే చెప్పాల్సిన మాట. మీ నాయిన చిన్నప్పటి నుంచి బోరు నీళ్ళు తాగిన మనిషే అయ్యుంటాడు. పటిక, సున్నం వేసి నీళ్ళలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా ‘నల్గొండ టెక్నిక్’ అని పేరు, నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది. మన జిల్లా పేరు పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది అలాగన్నమాట. ఏళ్ళ తరబడి ఫ్లోరైడ్ తాగిన ఎముక గట్టిపడి, ఎక్స్‌రేలో సుద్దలా తెల్లగా కనిపిస్తుంది. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకకు పాకినా సరిగ్గా అలాగే తెల్లబడుతుంది. ఎముకల స్కాన్‌లో రెండూ మెరుస్తాయి, రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము రెండింట్లోనూ పెరుగుతుంది. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన రేడియాలజిస్టుకు మునుగోడు, మర్రిగూడ పేర్లు ఏమీ చెప్పవు. మీరే నోరు తెరిచి చెప్పండి: ‘మాది ఫ్లోరైడ్ ఊరు సార్’ అని. ముంజేతికి ఒక మామూలు ఎక్స్‌రే తీయించమని అడగండి. ముంజేతిలో రెండు ఎముకల మధ్య పొర ఉంటుంది. ఫ్లోరోసిస్‌లో ఆ పొర వెంట సున్నం పట్టి రంపపు పళ్ళలా అంచులు కనిపిస్తాయి. క్యాన్సర్ ఆ పని చేయదు. వెన్నెముక మెరుపులో కొంత ఫ్లోరైడ్‌దీ కావొచ్చు, కొంత జబ్బుదీ కావొచ్చు, రెండూ ఉన్న వాళ్ళను నేను చూశాను. దీంతో చికిత్స మొత్తం మారిపోదు గానీ, కీమో తర్వాత స్కాన్ తీసి ‘ఎముకల్లో మచ్చలు తగ్గలేదు, మందు పనిచేయట్లేదు’ అని తప్పు లెక్క కట్టకుండా ఆపుతుంది.

ఇంకో చిన్న ఉచ్చు కూడా ఇక్కడే చెప్పేస్తా. రక్తంలో ‘క్రోమోగ్రానిన్-ఏ’ అనే టెస్టు రాస్తే, అంతకుముందు రోజూ వేసుకునే గ్యాస్ గోళీ గురించి చెప్పండి. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి వేసుకునే వాళ్ళలో క్యాన్సర్‌తో సంబంధం లేకుండానే ఆ అంకె పైకి పోతుంది. కిడ్నీలు బలహీనంగా ఉన్నా పెరుగుతుంది. మన దగ్గర పొద్దున లేవగానే గ్యాస్ గోళీ వేసుకోని ముసలాయన ఏ ఊళ్ళో ఉన్నాడు?

ఇక మీ బావ అడిగిన టార్గెటెడ్ గోళీల సంగతి. ఆయన మాట పూర్తిగా తప్పు కాదు, పూర్తిగా ఒప్పూ కాదు. టార్గెటెడ్ మందుకు తగిలేందుకు ఒక గురి ఉండాలి. స్మాల్ సెల్‌గా మారిన ప్రోస్టేట్‌లో ఎక్కువగా కనిపించే మార్పులు మూడు: ఆర్‌బీ1, టీపీ53, పీటెన్ అనే జీన్లు పోవడం. ఈ మూడూ కణానికి బ్రేకులు. ఊడిపోయిన బ్రేకును గురిపెట్టి కొట్టే గోళీ ఈ రకం జబ్బుకు ఇంతవరకు రోజువారీ వైద్యంలోకి రాలేదు. అందుకని రిపోర్టులో ఇవి కనబడగానే ‘మందు దొరికింది’ అనుకోకండి. అలాగని ఆ సమాచారం దండగ కాదు. ఈ మూడింట్లో కనీసం రెండు పోయిన జబ్బు హార్మోన్ గోళీలకు మొండికేస్తుంది, ప్లాటినం కీమోకు (సిస్‌ప్లాటిన్, కార్బోప్లాటిన్ లాంటి మందులకు) మాత్రం బాగా స్పందించే అవకాశం ఎక్కువ. అమెరికాలో 160 మందితో చేసి 2019లో అచ్చేసిన ఒక ట్రయల్‌లో, కబాజిటాక్సెల్ అనే కీమో మందుకు కార్బోప్లాటిన్ కలిపితే జబ్బు ముదరకుండా ఆగిన కాలం సగటున 4.5 నెలల నుంచి 7.3 నెలలకు పెరిగింది. తర్వాత లెక్కలు విప్పి చూస్తే, ఆ లాభం ఎక్కువగా ఈ బ్రేకులు పోయిన వాళ్ళలోనే కనిపించింది. చూశారా, మార్కర్ ఇక్కడ కొత్త గోళీని ఇవ్వలేదు, పాత కీమో ఎవరికి వేయాలో చెప్పింది.

నిజంగా గోళీ ఉన్న మార్కర్ బీఆర్‌సీఏ2. ఇది కణంలో తెగిన డీఎన్‌ఏను అతికే జీన్. అది పాడైతే కణం పార్ప్ అనే ఇంకో ఏర్పాటు మీద ఆధారపడి బతుకుతుంది. మెయిన్ రోడ్డు కల్వర్టు వానకు కొట్టుకుపోతే ఊరంతా బండ్లబాట పట్టుకుని పోయినట్టు. ఓలాపరిబ్ లాంటి మందు ఆ బండ్లబాటను కూడా మూసేస్తుంది. మంచి కణానికి మెయిన్ రోడ్డు ఉంది కాబట్టి నెట్టుకొస్తుంది, క్యాన్సర్ కణం ఇరుక్కుని చస్తుంది. ఈ ఓలాపరిబ్‌నూ, రుకాపరిబ్‌నూ ప్రోస్టేట్ క్యాన్సర్‌కు అమెరికాలో 2020 మే నెలలో ఆమోదించారు. రొమ్ము, అండాశయ క్యాన్సర్లకు మన దగ్గర వాడే మందే ఇది. అయితే ఆ ఆమోదం వచ్చిన ట్రయల్స్ మామూలు రకం ప్రోస్టేట్ క్యాన్సర్ మీద చేసినవి. స్మాల్ సెల్‌లో బీఆర్‌సీఏ2 మార్పు దొరికితే డాక్టర్లు ఎక్కువగా ముందు ప్లాటినం ఇచ్చి, జబ్బు తగ్గాక దీన్ని ఆలోచిస్తారు. ఎందుకంటే ప్లాటినం కూడా డీఎన్‌ఏను దెబ్బతీసే మందే. అతికే జీన్ లేని కణానికి అది రెట్టింపు దెబ్బ. మీ బావకు ఈ ముక్క చదివి వినిపించండి: ఆయన వద్దంటున్న కీమోనే మీ నాయినకు ఒక రకంగా టార్గెటెడ్ మందు కావొచ్చు.

రెండో మార్కర్ ఎంఎస్‌ఐ. డీఎన్‌ఏ నకలు రాసేటప్పుడు వచ్చే అక్షర దోషాలను దిద్దే వ్యవస్థ చెడిపోవడం. ప్రోస్టేట్ క్యాన్సర్లలో నూటికి మూడు దాకా ఉంటుంది, డక్టల్ రకంలో ఇంకాస్త ఎక్కువ. అందుకే మొదటి ముక్కల్లో డక్టల్ ఉందేమో చూడమన్నాను. ఇది దొరికితే పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ సూది ఉంది. క్యాన్సర్ ఏ అవయవంలో పుట్టిందని కాకుండా ఈ ఒక్క మార్కర్‌ను బట్టి ఇవ్వొచ్చని అమెరికాలో 2017లో ఆమోదించిన మొదటి మందు అదే. మందు ఖరీదు చాలా ఎక్కువ, కానీ మార్కర్‌ను చూసే పరీక్ష ఖరీదు కాదు. ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 అనే నాలుగు ప్రోటీన్లకు ఐహెచ్‌సీ రంగులు చాలు, హైదరాబాద్‌లో పెద్ద ల్యాబులన్నీ చేస్తాయి, నాలుగైదు రోజుల్లో వస్తుంది. మీ చేతిలో డబ్బు లెక్కపెట్టుకుని ఖర్చు చేయాలంటే ముక్క మళ్ళీ చదివించడం ముందు, ఈ నాలుగు రంగులు తర్వాత, ఎన్‌జీఎస్ అనే పెద్ద జీన్ టెస్టు ఆ తర్వాత. ఎన్‌జీఎస్ కూడా వందల జీన్లది అవసరం లేదు. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2, ఏటీఎం, పాల్‌బీ2, సీడీకే12, టీపీ53, ఆర్‌బీ1, పీటెన్, ఎంఎస్‌ఐ ఉన్న ప్యానెల్ (జీన్ల జాబితా) చాలు. పెద్ద ప్యానెల్ అమ్మడానికి వచ్చే కుర్రాడు ఇంకోలా చెప్తాడు, వినండి, సంతకం మాత్రం అప్పుడే పెట్టకండి.

లుటీషియం సూది గురించి కూడా ఎవరో ఒకరు చెప్తారు. అది పీఎస్‌ఎంఏ అనే ప్రోటీన్‌ను వెతుక్కుంటూ పోయి అంటుకునే రేడియేషన్ మందు, 2022లో అమెరికాలో ఆమోదం పొందింది. న్యూరోఎండోక్రైన్‌గా మారిన కణాలు చాలావరకు ఆ ప్రోటీన్‌ను వదిలేస్తాయి. పీఎస్‌ఎంఏ పెట్ స్కాన్ తీస్తే కాలేయం మచ్చలు వెలగకపోవచ్చు. వెలగలేదు కాబట్టి జబ్బు లేదు అనుకునే ప్రమాదం మళ్ళీ అదే మీటరు కథ. ఇలాంటి చోట మామూలు చక్కెర పెట్, అంటే ఎఫ్‌డీజీ పెట్, నిజం చెప్తుంది. ఇక డీఎల్ఎల్3 అనే గురి ఒకటుంది, న్యూరోఎండోక్రైన్ కణాల పైపొర మీద కనిపిస్తుంది. దాన్ని పట్టుకునే టార్లటామాబ్‌ను 2024 మేలో అమెరికాలో ఊపిరితిత్తుల స్మాల్ సెల్‌కు ఆమోదించారు. ప్రోస్టేట్‌లో ట్రయల్స్ దశలో ఉంది. అది గోళీ కాదు, సెలైన్‌లో ఎక్కించేది.

ఇప్పుడు నా సొంత గోల ఒకటి. ఏ జీన్ టెస్టుకైనా పునాది ఆ మైనపు బ్లాకే. అగ్గిపెట్టెలో సగమంత ప్లాస్టిక్ గూడు, అందులో మైనం, మైనంలో ముక్క, పక్కన పెన్సిల్‌తో రాసిన నంబరు. కొన్నేళ్ళ కింద ఒకాయనకు వెన్నెముక నుంచి ముక్క తీశారు. ఎముక గట్టిగా ఉంటుంది కాబట్టి కోయడానికి ముందు మెత్తబరచాలి. ఆ ల్యాబులో తొందరగా అయిపోవాలని ఘాటు యాసిడ్‌లో వేశారు. నాకు స్లైడ్ బాగానే కనిపించింది, క్యాన్సర్ అని రాశాను కూడా. జీన్ టెస్టుకు పంపితే రెండు వారాల తర్వాత ‘డీఎన్‌ఏ దొరకలేదు’ అని తిరిగొచ్చింది. యాసిడ్ డీఎన్‌ఏను తినేస్తుంది. ఈడీటీఏ అనే ద్రావణంలో నిదానంగా మెత్తబరిస్తే మిగులుతుంది. ముక్క వచ్చిన రోజే నేను ఒక్క ఫోన్ చేసి చెప్పి ఉండాల్సింది. ఆయనకు మళ్ళీ బయాప్సీ చేసే ఓపిక లేకపోయింది. అందుకే మీ నాయినకు కాలేయం ముక్క ఉండటం అదృష్టం అంటాను. టెస్టుకు దాన్నే పంపమనండి. పాత చెక్కు ముక్క హార్మోన్ మందులకు ముందుది, ఇప్పటి జబ్బు సంగతి అది పూర్తిగా చెప్పలేదు.

బ్లాకులు మీ చేతికిచ్చి హైదరాబాద్‌లో ఇంకో ల్యాబుకు తీసుకుపొమ్మంటే, బండి డిక్కీలో పెట్టకండి. నవ్వకండి, మే నెలలో ఒకతను అలాగే తెచ్చాడు. ఆ మైనం కరిగేది 56, 58 డిగ్రీల దగ్గర. ఎండలో నిలబెట్టిన బండి డిక్కీ అంతకంటే తక్కువేమీ ఉండదు. నాలుగు బ్లాకులు ముద్దయి అంటుకుపోయాయి, ఏది ఏ నంబరో విడదీయడానికి మాకు ఒక పూట పట్టింది. అన్నం డబ్బాలో పెట్టి, మూత వేసి, చేతిసంచిలో తెచ్చుకోండి. తీసుకునేటప్పుడు ఎన్ని బ్లాకులు, ఏ నంబర్లు అని కాగితం మీద రాయించుకోండి. ల్యాబ్ వాడుకున్నాక మిగిలింది వెనక్కి అడగండి.

ముక్క చాలకపోతే రక్తంతో కూడా జీన్ టెస్టు చేస్తారు, గడ్డ నుంచి రక్తంలోకి రాలిన డీఎన్‌ఏను పట్టి. పనికొస్తుంది. ఒక జాగ్రత్త: వయసు మళ్ళిన వాళ్ళ రక్తకణాల్లోనే కొన్ని మార్పులు పుడతాయి, ముఖ్యంగా ఏటీఎం, టీపీ53, చెక్2 జీన్లలో. అవి క్యాన్సర్‌వి అనిపించి తప్పుదారి పట్టించగలవు.

రిపోర్టు వచ్చాక రంగురంగుల మొదటి పేజీ చూసి ఆగిపోకండి. లోపల ‘ట్యూమర్ కంటెంట్’ అని శాతం ఉంటుంది. చాలా ల్యాబులకు కనీసం 20 శాతం కావాలి. అంతకంటే తక్కువ ఉండి ‘ఏమీ దొరకలేదు’ అని రాస్తే, చీకట్లో వెతికి లేదన్నట్టే. ‘వీయూఎస్’ అని రాసినవి అర్థం ఇంకా తేలని మార్పులు, వాటిని చూసి మందు మొదలుపెట్టమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

నీకు, అక్కకు టెస్టుల సంగతి. గడ్డలో దొరికిన మార్పులన్నీ పుట్టుకతో వచ్చినవి కావు. ఆర్‌బీ1, టీపీ53 పోవడం ఈ రకంలో దాదాపు ఎప్పుడూ గడ్డలోపల జరిగిన పనే, దానికి పిల్లలు భయపడక్కర్లేదు. కానీ విస్తరించిన ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న మగవాళ్ళలో డీఎన్‌ఏ దిద్దే జీన్ల మార్పు పుట్టుకతోనే ఉన్నవాళ్ళు సుమారు 12 శాతం అని 2016లో తేలింది, వాటిలో ఎక్కువ బీఆర్‌సీఏ2. కాబట్టి ముందు మీ నాయిన రక్తం లేదా లాలాజలంతో పుట్టుక టెస్టు చేయించండి. ఆయనలో లేకపోతే ఈ జబ్బు పేరు మీద మీ ఇద్దరికీ టెస్టు అక్కర్లేదు. ఉంటే మీలో ఒక్కొక్కరికి సగం అవకాశం. అప్పుడు అక్క సంగతే ముందు చూడాలి. బీఆర్‌సీఏ2 ఆడవాళ్ళలో రొమ్ము, అండాశయ క్యాన్సర్ ముప్పు బాగా పెంచుతుంది, పెళ్ళయి అత్తగారింట్లో ఉన్నా సరే ఆమెకు చెప్పాలి. ఆడపిల్లకు ఇలాంటిది చెప్తే కాపురం ఏమవుతుందో అని దాచిన ఇళ్ళు చూశాను. చెప్పేటప్పుడు జెనెటిక్ కౌన్సెలర్ ఉంటే సులువవుతుంది. నీకు ఉంటే 40 నుంచే పీఎస్‌ఏ చూసుకోవడం మొదలుపెట్టాలి.

మీ ఇంట్లో మేనరికాలుంటే ఆ మాట కౌన్సెలర్‌కు తప్పకుండా చెప్పండి. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా బీఆర్‌సీఏ2 మార్పు అందిన బిడ్డకు ఫాంకోని ఎనీమియా అనే చాలా తీవ్రమైన జబ్బు వస్తుంది. మేనమామకో మేనత్త కొడుక్కో ఇచ్చే ఇళ్ళలో ఇది ఊరికే పుస్తకంలో మాట కాదు.

కీమో ఎలా ఉంటుందో కూడా చెప్తే టెన్షన్ తగ్గుతుంది. మామూలుగా సిస్‌ప్లాటిన్ గానీ కార్బోప్లాటిన్ గానీ ఎటోపోసైడ్‌తో కలిపి ఇస్తారు, మూడు రోజులు ఎక్కించి, 21 రోజులకు మళ్ళీ. ఒంటేలు ఆగిన చరిత్ర ఉంది కాబట్టి కిడ్నీలు చూసి కార్బోప్లాటిన్ వైపు మొగ్గొచ్చు. రెండూ పాత మందులు, కొత్త గోళీలతో పోలిస్తే ధర చాలా తక్కువ. ఆరోగ్యశ్రీలో క్యాన్సర్ కీమో ఉంది, 2023 డిసెంబర్ నుంచి ఆ పరిమితి కుటుంబానికి 10 లక్షలు. జీన్ టెస్టుకు డబ్బు మీ జేబు నుంచే పోతుందా అన్నది ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి. హార్మోన్ సూది మీ అంతట మీరు ఆపేయకండి, ఒంట్లో పాత రకం కణాలు కొన్ని ఇంకా ఉండి ఉంటాయి. ఆకు పసర్లు ఈ నెలల్లో వద్దు, కాలేయం ఇప్పటికే దెబ్బతిని ఉంది.

దాచను: ఇది మొదట్లో కీమోకు బాగా కరిగే జబ్బు, కానీ చాలామందిలో కొన్ని నెలలకే తిరిగొస్తుంది. ఎక్కువమందిలో ఆయుష్షు లెక్క ఏడాది చుట్టూనే తిరుగుతుంది, మార్కర్ దొరికిన కొద్దిమందిలో ఇంకాస్త ముందుకు పోతుంది. నొప్పి, ఆకలి, నిద్ర చూసే పాలియేటివ్ డాక్టర్‌ను ఆఖర్న కాకుండా మొదటి కీమో రోజే కలవండి. బర్రెల మాట కూడా అందుకే అన్నాను, ఇంట్లో పాలు ఉండాలి.

ముంజేతి ఎక్స్‌రే, కాలేయం ముక్క ఐహెచ్‌సీ పేజీ, పాత బ్లాకుల నంబర్లు ఈ మూడూ దొరికాక మళ్ళీ రాయండి. నంబరు రిపోర్టు పై మూలన ఉంటుంది, సంవత్సరం పక్కన గీత పెట్టి రాస్తారు.